తలుపు వెనక నుంచి అందించిన మాటలు

ఏడేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం దాని పక్కనుంచే దిగుతుంది. స్వామి పేరు దాని పక్కనుంచే పైకి వస్తుంది. అది మాత్రం కదలదు.

మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్ళకు చెప్పగలిగి ఉంటే ఎప్పుడో చెప్పేసి ఉండేదాన్ని. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం గానీ అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే. తమ్ముడు, మరదలు, వాళ్ళ పిల్లలు అందరిదీ తమిళం చదువు. ఈ కాగితాలు వంటింట్లో పరిచి పెట్టినా ఎవరూ చదవలేరు. చూశారా, ఒప్పుకోవాలని కూర్చుని కూడా ముందు దాక్కునే చోటు చూసుకున్నాను. నా స్వభావం అది. మొదటే తెలియడం మంచిది.

చిన్నప్పుడే నాకు ఎడమ కాలు సన్నబడిపోయింది. పాండిలో మా ఒర్లియంపేట నుంచి బడిదాకా నడవలేనని నాన్న మాన్పించేశాడు. మా అవ్వ ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది. ఆమెకు వచ్చినవి తెలుగు అక్షరాలే. భజన పాటల పుస్తకమే నాకు వాచకం. పెద్దదయ్యాక అవ్వ పాట మధ్యలో మరిచిపోయేది. నేను పక్కన కూర్చుని చరణంలో మొదటి మాట మెల్లగా అందించేదాన్ని. అంతే, మిగతాదంతా ఆమె నోట తన్నుకుని వచ్చేది. ఆ పనికి ఒక పేరుందనీ, అదే వృత్తిగా బతికినవాళ్ళు ఉన్నారనీ నాకు చాలా ఏళ్ళ తరవాత గానీ తెలియలేదు. అవ్వకు నేను రుణపడి ఉన్నాను. ఆమె నేర్పినదాన్ని నేను దేనికి వాడానో చూడకుండా పోయింది. అందుకు కూడా దేవుడికి దండం పెట్టుకోవాలి.

ఇంగ్లీషు చెవితో నేర్చుకున్నాను. సముద్రపు ఒడ్డున వైట్ టౌన్‌లో విదేశీయులు బస చేసే ఇళ్ళలో దుప్పట్లు మారుస్తూ, కాఫీలు ఇస్తూ, విన్నది విన్నట్టు పట్టుకున్నాను. ఆ అక్షరాలు మాత్రం ఇప్పటికీ కూడబలుక్కోవాలి.

అలా తిరుగుతూ తిరుగుతూ ఆ పెద్దాయన ఇంట్లో కుదిరాను. ఆయన నటుడు. వేల్స్ దేశం వాడు. పేరు రాయను, చనిపోయిన మనిషిని ఇంకోసారి లాగడం ఎందుకు? ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు ఒక సినిమా తీయడానికి ఇక్కడికి తీసుకొచ్చారట. ఓడ కెప్టెన్ వేషం, రెండే రెండు సీన్లు. ఆ రెండింటికీ మూడు వారాలు ఎండలో కూర్చోబెట్టారట. ఆ మూడు వారాల్లో ఊరు నచ్చింది. భార్య పోయాక తిరిగి వచ్చి సముద్రానికి రెండు వీధుల ఇవతల ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. నేను చేరేనాటికి ఆయనకు డెబ్బై ఎనిమిది.

ఇంగ్లీషాయన అంటే మాత్రం ఊరుకునేవాడు కాదు. ఎదురింటి వాచ్‌మన్ గోవిందుది మా పేటే. రోజూ పొద్దున పలకరించేవాడు.

"ఏందక్కా, మీ ఇంగ్లీషు దొర లేచినాడా?"

"ఇంగ్లీషాయన కాదంట గోవిందా. వేల్స్ అంట. ఇంగ్లండుకు పక్కన."

"పక్కనేగదా, రెండూ ఒకటేలే."

"అట్లయితే నువ్వు పక్కనున్న కడలూరోడివా?"

గోవిందుకు రోషం పొడుచుకొచ్చింది. "అదెట్లక్కా! కడలూరు యాడ, మన పాండి యాడ!"

ఇది నేను ఆయనకు చెబితే దగ్గు వచ్చేదాకా నవ్వాడు. అప్పట్నుంచి ఇంటికి ఎవరొచ్చినా కడలూరు కథ చెప్పేవాడు.

తన కథలు కూడా చెప్పేవాడు. తండ్రి పలకరాయి గనిలో పనిచేశాడట. ఏడేళ్ళప్పుడు తల్లి ప్రార్థన మందిరంలో స్టూలెక్కించి పద్యం చెప్పించిందట. అక్కణ్ణుంచి లండన్ నాటకశాలలు. రాజులు, హంతకులు, పిచ్చివాళ్ళు. ఆ తరవాత టీవీలో పల్లెటూరి డాక్టరు వేషం, తొమ్మిదేళ్ళు. కూరగాయల అంగట్లో కూడా జనం ఆయనకు నాలుక చాపి చూపించేవాళ్ళట, జబ్బేమిటో చెప్పమని. తండ్రి చనిపోయిన కబురు నాటకానికి గంట ముందు అందింది. వేషం వేసుకుని ఆడాడు. మర్నాడు పొద్దున రైలెక్కాడు. "ఆ రోజు చప్పట్లు మామూలుకన్నా ఎక్కువ పడ్డాయి" అనేవాడు.

ఆయన భార్య నటి కాదు. తెర పక్కన చీకట్లో పుస్తకం పట్టుకుని కూర్చుని, నటుడు మరిచిపోతే మాట అందించే మనిషి. ప్రాంప్టర్ అంటారట. "మొహం చూడకముందే ఆ గొంతును ప్రేమించాను" అని చెప్పేవాడు. ఒక్కతే కూతురు. ఆరు నెలల పిల్లగా ఉన్నప్పుడు ఒక సినిమాలో తండ్రి చేతుల్లో కనిపించిందట. సరిగ్గా ఏడవాల్సిన చోట ఏడ్చిందట. మా ఇంట్లో అసలు నటి అదే అని మురిసిపోయేవాడు. ఆమె నటి కాలేదు. వేల్స్‌లోనే, కార్డిఫ్‌లో బడిపంతులమ్మ అయింది. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక ఆమెకు మిగిలింది తండ్రి ఒక్కడే.

పొద్దున కాఫీ అయ్యాక పాత వేషాల మాటలు వల్లె వేయడం ఆయనకు అలవాటు. ఎదురుగా పుస్తకం పట్టుకునే మనిషి కావాలి. నాకు ఆ అక్షరాలు రావుగా. అందుకని ఆయన ఒక్కొక్క మాటా నిదానంగా చెబితే నేను పొడుగు నోట్‌బుక్కులో తెలుగు అక్షరాలతో రాసుకున్నాను. ఇంగ్లీషు రాజుల మాటలు, మా అవ్వ నేర్పిన గుండ్రటి అక్షరాల్లో. ఆయన ఆ పేజీలు చూసి, ఇది జిలేబీల అంగడిలా ఉంది అన్నాడు.

మాట అందించడం ఎలాగో కూడా నేర్పాడు. వాక్యమంతా ఇవ్వకూడదు. మొదటి మాట చాలు. గొంతుతో కాదు, ఊపిరితో ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆగడం వేరు, మరవడం వేరు. కావాలని ఆగినవాడికి మాట అందిస్తే వాడి నటన చంపినట్టే. "తేడా ఎట్లా తెలుస్తుంది సార్?" అని అడిగాను. కళ్ళు చూడమన్నాడు. మరిచినవాడి కళ్ళు కిందికి జారతాయి. ఆగినవాడి కళ్ళు ఎదురుగా నిలుస్తాయి. అది నాకు బాగా పట్టుబడింది. ఏనాడూ పొరపాటు పడలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. పొరపాటు పడ్డానని చెప్పుకునే దారి నాకు లేదని చెబుతున్నాను.

ఆ ఇంట్లో వెనకవైపు నాకొక గది ఇచ్చాడు. నీలి రంగు కిటికీ రెక్కలు, ఉప్పుగాలి. తమ్ముడింట్లో నేను హాల్లో చాప మీద పడుకునేదాన్ని. నలభై తొమ్మిదేళ్ళకు మొదటిసారి లోపల్నుంచి గడియ పెట్టుకోగల గది దొరికింది. రోజూ దీపం పెట్టి, ఆ రోజు నాకు దక్కినవన్నీ పేరుపేరునా చెప్పి స్వామికి దండం పెట్టుకోవడం నాకు అలవాటు. గది, కిటికీ, కాఫీ, ఆయన నవ్వు, నోట్‌బుక్కు. ఆ జాబితా ఆ ఏళ్ళలోనే ఎక్కువ పొడుగు.

"ఏంది వదినా, ఆదివారం గూడా రావా? నువ్వు లేకుంటే ఆ దొరకు బువ్వ దిగదా?" అని మరదలు ఎత్తిపొడిచేది. నవ్వి ఊరుకునేదాన్ని. ఆదివారం అసలే రాలేను. కూతురు ఫోన్ చేసేది ఆదివారం సాయంత్రం అయిదింటికే.

ఆమె నాతో ముందే చెప్పి ఉంచింది. "నాన్నకు మరపు మొదలైనట్టు నీకనిపిస్తే ఆ రోజే చెప్పు. వెంటనే బయలుదేరి వస్తాను. నా దగ్గరికి తీసుకెళ్ళిపోతాను." తప్పకుండా మేడం అన్నాను. ఆయన కూడా నాకొక మాట చెప్పి ఉంచాడు. "నన్ను అక్కడికి పంపకు. ముసలివాళ్ళను పెట్టే ఆ ఇళ్ళలో కిటికీలు తెరవరు." తప్పకుండా సార్ అన్నాను. ఇద్దరికీ ఒకే మాట.

మరపు మొదలైంది. మొదట చెప్పులు, తరవాత తేదీలు, తరవాత భార్య చనిపోయిందన్న సంగతి. ఒక రోజు టీవీలో ఆ పాత డాక్టరు సీరియల్ పెట్టాను. చాలాసేపు శ్రద్ధగా చూశాడు. "ఈ కుర్రాడెవరు? బాగా చేస్తున్నాడే" అన్నాడు.

నేను కూతురికి చెప్పలేదు. ఆయనకిచ్చిన మాట కోసమే చెప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? ఆయనకిచ్చిన మాట నిలబెట్టాలనుకుంటే ఆమెను పిలిచి, అమ్మా, ఈయన ఇక్కడే ఉండాలంటున్నాడు, నువ్వొచ్చి పక్కన కూర్చో, అని చెప్పి ఉండొచ్చు కదా? ఆ ఆలోచన వచ్చింది. వచ్చిన వెంటనే నా గది కళ్ళ ముందు కదిలింది. ఆమె వస్తే నిర్ణయాలు ఆమెవి. ఆ ఇంటికి నా అవసరం ఉండదు. మళ్ళీ హాల్లో చాప. అంతే సంగతి. స్వామికి రోజూ అన్నిసార్లు దండాలు పెట్టింది, ఇచ్చింది మళ్ళీ తీసుకోకు అని బతిమాలుకోవడానికేనేమో. కృతజ్ఞత అనుకున్నాను దాన్ని.

ఆదివారాలు ఎలా నడిపానో చెబుతాను. ఆయనకు ఒక్క వరం మిగిలింది. ఏమీ గుర్తులేక, దీపం ఆరిన ఇల్లులా కూర్చున్న మనిషి, మొదటి మాట అందిస్తే చాలు, నిండు గొంతుతో వాక్యమంతా పలికేవాడు. కూతురు అడిగేవి ప్రతి వారం ఇంచుమించు అవే. ఒంట్లో ఎలా ఉంది, ఏం తిన్నారు, సముద్రం దాకా నడిచారా, ఎవరైనా వచ్చారా. జవాబులు నేనే అల్లి నోట్‌బుక్కులో రాసేదాన్ని. వారమంతా ఆయనతో వల్లె వేయించేదాన్ని.

"కొత్త నాటకం సార్. మీది తండ్రి వేషం" అని చెప్పాను.

ఆయన తలూపి, "నా కూతురుగా ఎవరు?" అన్నాడు.

"చాలా మంచి నటి సార్. ఫోన్లోనే మాట్లాడుతుంది."

మొహం కనిపించే ఫోన్ ఆయనకు మొదట్నుంచీ గిట్టదు. ముసలి మొహం తెర మీద చూపించను అనేవాడు. ఆ పంతం నాకు కలిసొచ్చింది. ఆదివారం అయిదింటికి ఎవరూ చూడకపోయినా మెడకు పట్టుగుడ్డ కట్టుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చునేవాడు. ఫోన్ బల్ల మీద, గొంతు గదంతా వినబడేట్టు. నేను తలుపు రెక్కకూ గోడకూ మధ్య, ఆయనకు మాత్రం కనిపించేట్టు. ఆమె అడుగుతుంది. ఆయన కళ్ళు కిందికి జారతాయి. నేను ఊపిరితో ఒక్క మాట వదులుతాను. ఆయన మిగతాది పలుకుతాడు, ఆమె నవ్వుతుంది. మాట అందించిన ప్రతిసారీ నా చేతుల మీద వెంట్రుకలు లేచేవి. బతికున్న మనిషి నోట నా మాటలు రావడం, అవి ఆయనవే అన్నంత నిజంగా రావడం. అయిపోయాక నా వైపు తిరిగి, "జనం వచ్చారా?" అని అడిగేవాడు. నిండిపోయారు సార్ అనేదాన్ని.

అలా అయిదు నెలలు.

వానాకాలం మొదట్లో ఒక మార్పు వచ్చింది. నేను మాట ఇవ్వకముందే ఆయన అందుకోవడం మొదలుపెట్టాడు. చూపు నా వైపు ఉండేది కాదు. కిటికీ పక్క మూల వైపు చెవి ఒగ్గేవాడు. ఆ మూలలో ఒక చెక్క తల ఉండేది, దాని మీద ఆయన రాజు వేషం నాటి జుట్టుటోపీ. అంతకుమించి ఏమీ లేదు. ఆ మూలకేసి చూసి, ఎవరో చెప్పింది విన్నట్టు తలూపి, వాక్యం మొదలుపెట్టేవాడు. నేను రాసిన వాక్యమే. తప్పు లేకుండా. ఒకసారి అయిపోయాక ఆ మూలకే "థాంక్యూ, లవ్" అన్నాడు. నాతో ఎప్పుడూ అలా అనలేదు.

"నువ్వు ఆలస్యంగా ఇస్తున్నావు" అన్నాడు నాతో. కోపం లేదు, పని చెప్పే మనిషి గొంతు. "ఆవిడ ముందే ఇచ్చేస్తోంది."

నేను భయపడ్డాను. మర్నాడు సాయంత్రం ఆ మూలలో దీపం పెట్టి, అవ్వ నేర్పిన పాట మెల్లగా పాడుకున్నాను. ఆయన లేచి వచ్చి నిలబడ్డాడు. "దీపం తీసెయ్. ఆవిడ చీకట్లో ఉండాలి. వెలుతురుంటే పని చెయ్యలేదు" అన్నాడు. తీసేశాను. వెలుగుతున్న దీపాన్ని నా చేత్తో నేను ఆర్పడం అదే మొదలు. ఆర్పినప్పుడు పొగ పైకి పోలేదు. మూలలోకి వంగి, అక్కడే కాసేపు నిలిచింది. ఉప్పుగాలి అనుకున్నాను. కిటికీ మూసే ఉంది.

ఇక ఆ ఆదివారం.

వాన వెలిసింది. గదిలో పసుప్పచ్చ వెలుతురు. ఫోన్ వచ్చింది. రెండు ప్రశ్నలు బాగానే గడిచాయి. మూడోది, "నాన్నా, ఈ వారం సముద్రం దాకా నడిచారా?" దానికి నేను రాసిన జవాబు, రోజూ పొద్దున పాత లైట్‌హౌస్ దాకా వెళ్ళొస్తున్నాను తల్లీ, అని. మొదటి మాట వదిలాను.

ఆయన అందుకోలేదు.

కళ్ళు చూశాను. కిందికి జారలేదు. ఎదురుగా ఉన్నాయి. ఆగాడు, మరవలేదు. ఆ కళ్ళ వెనక చాలా నెలల తరవాత ఒక మనిషి ఉన్నాడు. ఆ సంగతి నాకు అప్పుడే, అక్కడే తెలుసు. నేను చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఆయన మాట్లాడాడు. స్టేజీ గొంతు కాదు. సన్నటి, ఇంటి గొంతు. అది నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

"తలుపు వెనక ఒకామె ఉంది. నేను చెప్పేవి నా మాటలు కావు. నువ్వు రా. వచ్చి నన్ను చూడు."

తరవాత ఆమె, "నాన్నా? ఏమిటది? ఏమంటున్నారు?"

నేను తలుపు వెనక నుంచి వచ్చాను. కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి ఫోన్ అందుకున్నాను. "కంగారు పడకండి మేడం. పాత నాటకంలో డైలాగు. పొద్దుట్నుంచీ అదే వల్లె వేస్తున్నారు."

"అబ్బ! గుండె ఆగినంత పనైంది." ఆమె నవ్వింది. ఆ నవ్వులో ఎంత తేలిక! "ఏ నాటకం? నేనెప్పుడూ వినలేదే."

"నాకు తెలీదు మేడం. ఏదో దయ్యాలది."

"మీరు మారరు నాన్నా" అందామె.

ఆయన నా వైపు చూశాడు. నేను దాన్ని కోపం అనలేను. కోపమైతే బాగుండేది. తెర దించేముందు నటులు ప్రేక్షకులకు చేసే పద్ధతిలో చిన్నగా తల వంచాడు, నాకు. తరవాత ఫోన్ వైపు తిరిగి, నిండు గొంతుతో, "రోజూ పొద్దున పాత లైట్‌హౌస్ దాకా వెళ్ళొస్తున్నాను తల్లీ" అన్నాడు.

నేను మళ్ళీ అందించలేదు. ఆయనే చెప్పాడు.

ఆ తరవాత ఆయన కళ్ళు ఎప్పుడూ ఎదురుగా నిలవలేదు. మూడో వారం ఒక మధ్యాహ్నం పడక్కుర్చీలో నిద్రలోనే పోయాడు. ఆ మూడు వారాల్లో ఆమె బయలుదేరి వచ్చే వీలుంది. నేను ఒక్క మాట చెబితే చాలు. తండ్రి ఒడిలో చెయ్యి పెట్టి కూర్చునే మూడు వారాలు అవి. ఆమెవి. నేను తీసుకున్నాను.

ఆమె వచ్చేసరికి అంతా చల్లబడిపోయింది. నన్ను కావలించుకుంది. "చివరిదాకా అంత చక్కగా మాట్లాడారు. నువ్వు చూసుకున్నందువల్లే" అంది. నేను ఏడ్చాను. నా ఏడుపు చూసి ఆమె నన్ను ఓదార్చింది.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఆమె దుఃఖంలో ఉంది, ఇప్పుడెందుకు అనుకున్నాను. మనసుకు సాకులు అందించడానికి ప్రాంప్టరు అక్కర్లేదు.

ఏడాది తిరిగాక ఆమె మళ్ళీ వచ్చింది. ఆ ఇల్లు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఇంటివాళ్ళను అడిగి, నన్ను పిలిపించి, అదే గదిలో అదే వేళకు కూర్చోబెట్టింది. తండ్రి గొంతు దాచుకోవాలని ప్రతి ఆదివారం ఫోన్ మాటలు రికార్డు చేసుకుందట. నాకా సంగతి తెలియదు. ఒక ఇయర్‌ఫోన్ తన చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టింది.

"జాగ్రత్తగా విను. ఆయన మాట్లాడే ముందు."

విన్నాను. ప్రతి వాక్యానికీ ముందు సన్నటి గుసగుస.

"వినబడుతోందా? అమ్మ" అంది. ఆమె మొహం వెలిగిపోతోంది. "అమ్మే అందిస్తోంది. ఇంట్లో కూడా అట్లాగే అందించేది, అన్నం తినేటప్పుడు కూడా. అమ్మ ఆయనతోనే ఉంది. ఇది విన్నప్పట్నుంచీ నాకు దేనికీ భయం లేదు."

గుసగుసకు ఊరు ఉండదు. వయసు ఉండదు. అది నాదని నేను చెప్పలేదు.

తరవాత ఆ ఆదివారంది పెట్టింది. ఆమె ప్రశ్న. నా ఊపిరి, లైట్‌హౌస్ వాక్యానికి మొదటి మాట. ఖాళీ. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ఖాళీ అది.

ఆ ఖాళీలో ఇంకో గుసగుస వినబడింది.

దాని వెంటనే ఆయన గొంతు, తలుపు వెనక ఒకామె ఉంది, అని.

"చూశావా" అంది ఆమె, కళ్ళల్లో నీళ్ళతో నవ్వుతూ. "ఇక్కడ అమ్మ రెండుసార్లు అందించింది. మొదటిది ఆయనకు నచ్చలేదు."

ఆ రెండోది నాది కాదు. ఇది స్వామి మీద ఆన పెట్టి చెబుతున్నాను. మీరు నమ్మకపోతే నమ్మకండి. గాలి అనండి, ఫోన్ గరగర అనండి. నేను కూడా అలా అనుకోవడానికి ఎంతో ప్రయత్నించాను. కానీ ఆమె మళ్ళీ మళ్ళీ వినిపించింది. అదీ ఊపిరితోనే, మొదటి మాట మాత్రమే. ఆ పని తెలిసినవాళ్ళు ఇచ్చే తీరులో. నేనిచ్చిన అబద్ధం పక్కన ఎవరో ఆయనకు నిజాన్ని అందించారు. ఆయన నిజాన్నే తీసుకున్నాడు. దాన్ని నాటకం అన్నది నేను.

అక్కడితో అయిపోయి ఉంటే నేను ఈ బరువుతోనే కన్నుమూసేదాన్నేమో. ఆమె ఊరుకోలేదు. ఆ నాటకం ఏదో కనుక్కోవాలని పట్టుబట్టింది. తండ్రి నోట వచ్చిన ఆఖరి మంచి డైలాగు అది, ఎవరు రాశారో తెలుసుకోవాలి అంటుంది. ఆయన వదిలిపోయిన పాత స్క్రిప్టులన్నీ పెట్టెలు విప్పి ఒక్కొక్క పేజీ చదువుతూ వచ్చింది. ఆయనతో ఆడినవాళ్ళలో బతికున్న ముసలివాళ్ళందరినీ వెతికి అడిగింది. ఉద్యోగం మానాక అదే పని. ప్రతి క్రిస్మస్‌కూ నాకు కబురు పెడుతుంది. ఇంకా దొరకలేదు, ఇంకో రెండు పెట్టెలున్నాయి, అని. కళ్ళు మందగిస్తున్నాయట. పెద్ద భూతద్దం కొనుక్కుందట. ఆరేళ్ళు. లేనిదాని కోసం.

నాకు మటుకు ఏ లోటూ రాలేదు. తమ్ముడింట్లోనే హాల్లో ఉంటున్నాను. వేళకు అన్నం దొరుకుతుంది. సాయంత్రం దీపం ముందు కూర్చుంటే కృతజ్ఞతలు వరసగా వస్తూనే ఉంటాయి. ఆయన పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను. అది ఆగడమా, మరవడమా అని ఎవరైనా నా కళ్ళు చూసి చెబితే బాగుండును.

మొన్న ఆమె ఫోన్లో తన గొంతుతోనే మాట్లాడి కబురు పంపింది. చివరి పెట్టె కూడా అయిపోయిందట. "నువ్వు ఆ రోజంతా ఆయన పక్కనే ఉన్నావు కదా. పొద్దుట్నుంచీ వల్లె వేశారన్నావు. ఆ నాటకంలో ఇంకో మాట ఏదైనా గుర్తుందేమో చూడు. ఒక్క మాట చాలు. మిగతాది నేను వెతుక్కుంటాను" అంది. గొంతు అచ్చు తండ్రిది.

మూడు రోజులుగా జవాబు ఇవ్వలేదు. నిజం చెబితే నాటకం ఒక్కటే పోదు. తల్లి కూడా పోతుంది, గుసగుసల్లోంచి. చెప్పకపోతే ఆమె మళ్ళీ మొదటి పెట్టె విప్పుతుంది. ఏది దయ, ఏది పిరికితనం? ఇన్నేళ్ళూ నేను దయ అనుకున్నదంతా నా గది కోసమే అయినప్పుడు, ఇప్పుడు నా దయను నేను ఎలా నమ్మను?

ఆమెకు ఏం జవాబిస్తానో మీకు చెప్పలేను. నాకే తెలియదు. ఇదంతా రాయడానికి ముందు మాత్రం ఆ మాటను నేను ఒక్కసారి కూడా, స్వామి ముందు కూడా, పైకి అనలేదు. ఇప్పుడు తలుపు తీసి ఉంది. వంటింట్లో మరదలు ఏదో పాడుకుంటోంది. పైకే అంటూ రాస్తున్నాను.

అలాంటి నాటకం లేదు. ఎవరూ రాయలేదు. ఆయన తన కూతుర్ని రమ్మన్నాడు, తెలిసే రమ్మన్నాడు, నేను విన్నాను.